వడపోతలో మిగిలేది: పాలమూరు, నల్లగొండ జానపద ధ్వనిముద్రణలు

జానపద సాహిత్య సేకరణలో నేడు సెల్‌ఫోనే ప్రధాన సాధనం. సీడీ నాణ్యతగల స్టీరియో ధ్వనిముద్రణ గంటకు సుమారు 635 ఎం.బి. ఉంటుంది. అందువల్ల దానిని ఫోనులోనే వడపోసి, అవసరమైన భాగాన్ని మాత్రమే నెట్‌వర్క్ ద్వారా పంపే పద్ధతి మేలైనదిగా తోస్తుంది. పని త్వరగా ముగుస్తుంది. పాటల నడుమ కళాకారుడు చెప్పుకొన్న అప్పు, అనారోగ్యం, కుటుంబ కలహం ఊరు దాటవు. ఈ రెండు ప్రయోజనాలూ కాదనలేనివి.

అయితే ఏది అనవసరమో నిర్ణయించేదెవరు? మాటను స్పష్టం చేయడానికి రూపొందిన శబ్దనివారక సాధనాలు వాద్యధ్వనిని కూడా రొదగా భావించి తగ్గించే అవకాశం ఉంది. 2022లో పద్మశ్రీ పొందిన దర్శనం మొగిలయ్య పండుగ సాయన్న కథ పాడేటప్పుడు పన్నెండు మెట్ల కిన్నెర కేవలం తోడు వాద్యం కాదు, కథనంలో భాగం. నల్లగొండ ప్రాంతపు గొల్లసుద్దుల్లో వంతల ప్రశ్నలు, చమత్కారాలు కూడా అటువంటివే. వాటిని తీసివేస్తే పాఠం మిగులుతుంది, ప్రదర్శన మిగలదు.

కాబట్టి గోప్యతకై చేసే వడపోతను, వేగానికై చేసే వడపోతను వేరుచేసి చూడాలి. మొదటిదానిలో నిర్ణయం కళాకారునిది. ముద్రణను అక్కడికక్కడే వినిపించి, ఆయన వద్దన్న భాగాన్ని మూలప్రతి నుంచే తొలగించాలి. రెండవదానిలో బాధ్యత పరిశోధకునిది. మూలప్రతిని భద్రపరచి, పంపిన ప్రతిలో ఏమేమి తగ్గించాడో నమోదు చేయాలి. తాళపత్ర పరిష్కర్త పాఠాంతరాలను చూపుతాడు. ధ్వనిముద్రణ పరిష్కర్తకూ ఆ నియమం వర్తించాలి. లేనిచో వడపోత మిగిల్చినదానినే ప్రదర్శనగా భ్రమించి విమర్శ సాగుతుంది.