చెట్టెక్కిన పిల్ల చూచిన లోకము

బడిపిల్లల ప్రేమను గూర్చిన సినిమా అనగానే మన సంఘ పెద్దలు ముఖము త్రిప్పుకొందురు. అందుకు కారణము లేకపోలేదు. అట్టి చిత్రములలో అనేకములు పదునాలుగేండ్ల పిల్లలచేత పెద్దవారి మాటలు పలికించుచున్నవి. తలిదండ్రులను విరోధులుగాను, ఉపాధ్యాయులను నవ్వులపాలైనవారిగాను చూపుచున్నవి. అయితే పొట్టుతోకూడ గింజను పారబోయుట రైతునకు తగదు. 2010లో రాబ్ రైనర్ అను అమెరికా దర్శకుడు తీసిన "ఫ్లిప్డ్" అను చిత్రములో గింజ గలదు. వెండెలిన్ వాన్ డ్రానెన్ అను రచయిత్రి 2001లో ప్రకటించిన నవల దీనికి మూలము. చిత్రములో కథ 1957కును 1963కును నడుమ జరుగును. భాష ఆంగ్లమైనను, పల్లెవారికి ఈ కథ పరాయిది కాదు. కోళ్లు, గ్రుడ్లు, చెట్టు, ఎదురింటివారి చిన్నచూపు, ఇవే ఇందులోని వస్తువులు.

జూలీ బేకర్ అను బాలిక యింటి యెదుట బ్రైస్ లోస్కీ అను బాలుని కుటుంబము కాపురమునకు వచ్చును. అప్పటికి ఇద్దరును రెండవ తరగతి పిల్లలు. వాని కన్నులు చూచినది మొదలు ఆమె మనస్సు వానిమీదనే. వాడు ఆమెకు దొరకక పరుగెత్తును. ఈ పరుగే చిత్రములోని హాస్యము. ఎనిమిదవ తరగతికి వచ్చునప్పటికి ఆమె అభిమానము చల్లారుచుండగా, వాని అభిమానము మొదలగును. తలక్రిందులగుట అను అర్థమిచ్చు పేరు చిత్రమునకు అందువలననే తగియున్నది.

ఈ చిత్రమునకు ఒక విశేషము గలదు. ప్రతి సంగతిని మొదట బాలుడు చెప్పును, పిమ్మట అదే సంగతిని బాలిక చెప్పును. వాని మాట విన్నప్పుడు ఆమె విసిగించు పిల్లయని మనమును నవ్వుదుము. ఆమె మాట విన్న తరువాత మన నవ్వునకు మనమే సిగ్గుపడుదుము. సామెతలు 18వ అధ్యాయము 17వ వచనమునకు ఇంతకంటె తేటయైన వ్యాఖ్యానము అరుదు. తగవులు తీర్చు సంఘ పెద్దలు ఈ చిత్రమును చూచినయెడల వారికి నష్టమేమియు లేదు.

గ్రుడ్ల సంగతి వినుడి. బడిలో విజ్ఞాన ప్రదర్శనము కొరకు జూలీ గ్రుడ్లను పొదిగించి పిల్లలను చేయించును. అవి పెరిగి పెట్టలై గ్రుడ్లు పెట్టును. పొరుగున ఇద్దరు స్త్రీలు వెలయిచ్చి కొనుచుండగా, లోస్కీవారికి మాత్రము ఆమె ఉచితముగా తెచ్చి యిచ్చును. బేకరువారి పెరడు మురికిది గనుక గ్రుడ్లలో రోగముండునని లోస్కీవారి భయము. వద్దని చెప్పుటకు బ్రైసుకు ధైర్యము చాలదు. చిరునవ్వుతో పుచ్చుకొని, ఆమె వెళ్లగానే చెత్తబుట్టలో వేయును. ఒకనాడు ఆమె దానిని కన్నులార చూచును. ప్రియులారా, వాడు దొంగిలించలేదు, తిట్టలేదు. పిరికితనముచేత అబద్ధమును దినదినము చేతులతో ఆడెను. ఇచ్చినదానిని అందరి యెదుట పుచ్చుకొని చాటున పారవేయుట మన మధ్య జరుగుటలేదా? మాలపల్లెనుండి వచ్చిన అన్నమును, బీదవిధవ పంపిన కానుకను తలంచుకొనుడి.

జూలీకి ప్రియమైనది ఒక సికమోరు చెట్టు. దానిపై కూర్చుండి ఆమె లోకమును చూచును. జక్కయ్య యెక్కినదిగా మన గ్రంథములో చెప్పబడిన మేడిచెట్టునకు ఆంగ్లమున ఇదే పేరు. చెట్టు మాత్రము వేరు. ఇల్లు కట్టుటకై దానిని నరుకవచ్చినప్పుడు ఆమె దిగనని కూర్చుండి, తనతో ఎక్కుమని బ్రైసును పిలుచును. వాడు రాడు. చివరకు తండ్రి వచ్చి ఆమెను దింపును. ఆయన కూతురిని గద్దింపలేదు. ఆ చెట్టు బొమ్మను వ్రాసి ఆమె కిచ్చెను. ఒక్క భాగమును కాక మొత్తమును చూడవలెనని ఆమెకు నేర్పినది ఆయనయే. ఆ పాఠముతోనే ఆమె, బ్రైసు కన్నులు అందమైనవే గాని వాడు ఎట్టివాడని తన్నుతాను ప్రశ్నించుకొనెను.

సమూయేలు యెష్షయి యింట ఏలీయాబు ఎత్తును చూచి పొరబడెను. దేవుడు హృదయమును చూచెను. అయితే అదే అధ్యాయము దావీదు కన్నులు చక్కనివని కూడ చెప్పుచున్నది. కావున అందము పాపము కాదు, దానిని చూచి సంతోషించుటయు పాపము కాదు. అది చాలునని ఆగిపోవుటయే ప్రమాదము.

బేకరువారి పెరడు ఎందుకు బాగుపడలేదు? తండ్రి సంపాదనలో కొంత, బుద్ధిమాంద్యముతో పుట్టిన తన సోదరుడు డేనియేలు పోషణకు పోవుచుండెను. ఎదురింటివారు మురికిని చూచిరి, ఆ మురికి వెనుకనున్న ప్రేమను చూడలేదు. డేనియేలును గూర్చి బ్రైసు స్నేహితుడు హేళన చేయగా, బ్రైసు కూడ నవ్వును. జూలీ ఆ మాటలు వినును. నా దృష్టికి చిత్రమంతటిలో మిక్కిలి బరువైన ఘడియ ఇదే.

లోపములు లేకపోలేదు. బ్రైసు తండ్రిని దర్శకుడు జాలిలేక చిత్రించెను. అతని గర్వము వెనుకనున్న నిరాశను ఇంకను విప్పి చూపవలసినది. బడి ధనసహాయమునకై మగపిల్లలను నిలువబెట్టి ఆడపిల్లలచేత వేలము పాడించు ఘట్టము మనకు వెగటుగా నుండును. అక్కడనే అందరి యెదుట బ్రైసు ఆమెను ముద్దుపెట్టుకొనబోవును. ఆమె విడిపించుకొని పారిపోవుట మన యౌవనస్థులు గమనింపవలెను. ఎదుటివారి మనస్సు అడుగని ప్రేమ 1 కొరింథీయులు 13వ అధ్యాయములోని ప్రేమ కాదు.

తరువాత వాడు మాటలతో క్షమాపణ కోరి ఊరకుండలేదు. పలుగు పార పట్టుకొని, ఆమె యింటిముందు ఒక సికమోరు మొక్కను నాటుచుండెను. జక్కయ్య మారుమనస్సు కూడ మాటతో ఆగలేదు, అన్యాయముగా తీసికొనినదానిని తిరిగి యిచ్చెను గదా. ఇద్దరును కలిసి మన్ను కప్పుచుండగా చిత్రము ముగియును. పెండ్లి ప్రస్తావన లేదు, ప్రమాణములు లేవు. ఆ వయస్సునకు అదియే తగిన ముగింపు.

తలిదండ్రులారా, మీ కూతురు ఎనిమిదవ తరగతిలో ఒక బాలుని పేరు తలంచుచున్నదని తెలిసినప్పుడు ఏమి చేయుదురు? బడి మాన్పించుట, పరువు పోయెనని కొట్టుట, తొందరపడి పెండ్లి కుదుర్చుట కొన్ని గ్రామములలో ఇంకను వినబడుచున్నవి. పదునెనిమిదేండ్లు నిండని బాలికకు పెండ్లి చేయుట 2006 నాటి చట్టము ప్రకారము నేరము. దేవుడు అప్పగించిన బిడ్డ యెడల అది అన్యాయము కూడ. జూలీ తండ్రివలె దగ్గర కూర్చుండబెట్టుకొని మాటలాడుడి. ఆమె చెప్పునది వినుటకు ముందే తీర్పు తీర్చకుడి. తండ్రియొద్ద నిర్భయముగా మాటలాడగల పిల్ల, పరలోకపు తండ్రియొద్ద ప్రార్థించుటయు సులభముగా నేర్చుకొనును.