గాడి చెడని చేతిపని

బజారు స్క్రూడ్రైవర్‌తో పాత 303 ఎన్‌ఫీల్డ్ రైఫిల్ విప్పబోయేవాణ్ని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ స్క్రూడ్రైవర్ మొన పోనుపోను సన్నబడుతుంది. రైఫిల్ స్క్రూ గాడి మాత్రం పైనుంచి అడుగుదాకా ఒకే వెడల్పు. మొన అడుగున బిగియదు, జారుతుంది, గాడి అంచు లేచిపోతుంది. ఇంకో స్క్రూ వేసుకుందామంటే ఎన్‌ఫీల్డ్ మరల లెక్కే వేరు. ఒంగోలు ట్రంకు రోడ్డంతా తిరిగినా జత దొరకదు.

పోలీసు ఆర్మరర్‌గా నా ఉద్యోగమంతా ఈ రైఫిళ్లతోనే గడిచింది. 1907 నాటి నమూనా. బెంగాల్లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన సరుకు. ఉత్తరప్రదేశ్ పోలీసులైతే 2020 రిపబ్లిక్ డే పరేడ్‌ దాకా మోసి, అప్పుడు సాగనంపారు. తుపాకీ అంతకాలం నిలిచింది గానీ దానికోసం చేసిన పనిముట్లు నిలవలేదు. అవి మేమే చేసుకోవాల్సి వచ్చేది.

బట్‌ను బిగించే బోల్టు కర్ర లోపల లోతుగా ఉంటుంది. దానికి మూరెడు స్క్రూడ్రైవర్ కావాలి. కనిగిరిలో ట్రాక్టర్ గొర్రులు సాగగొట్టే కొలిమిలోనే ఉక్కు కడ్డీ కాల్పించేవాణ్ని. కొసను సాగగొట్టించి, రెండు ముఖాలూ సమంగా ఉండేలా ఆకురాయి పట్టి, ఎర్రగా కాల్చి నూనెలో ముంచాలి. అక్కడితో ఆపితే పెళుసుబారి విరుగుతుంది. మెరుగుపెట్టి మళ్లీ సెగ చూపిస్తే ముందు పసుపు, తర్వాత ఊదా రంగు తేలుతుంది. ఊదా కనిపించగానే తీసెయ్యాలి.

పనిముట్టు కుదిరినా వరస తప్పకూడదు. ముందువైపు కర్ర విప్పకుండా ఆ బట్ బోల్టు తిప్పారా, దాని చదరపు కొస ఆ కర్రను చీల్చేస్తుంది.

తూటాను లోపలికి నెట్టే బోల్టులోని స్ట్రైకర్ విప్పడానికి ఇంకో పనిముట్టు: ఉక్కు గొట్టం కొసన ఎదురెదురుగా రెండు పళ్లు మిగిలేలా ఆకురాయితో అరగదీసిందే. గట్టి స్ప్రింగును లోపలికి నొక్కుతూ, ఆ పళ్లను స్ట్రైకర్ గాళ్లలో కూర్చోబెట్టి తిప్పాలి. పన్ను కాస్త వదులైతే గాడి తినేస్తుంది.

303ను ఇళ్లలో ఉంచుకోవడానికి మన చట్టం ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే మంచిది. పనితనానికి ఆ నిషేధం లేదు. ఐటీఐ ఫిట్టర్ పిల్లలకు నేనైతే ఇదే పరీక్ష పెడతాను: బిగిసిపోయిన పాత స్క్రూ ఒకటిచ్చి, దానికి సరిపోయే మొన చేసి విప్పమంటాను. మార్కులు విప్పినందుకు కాదు, గాడి చెడనందుకు.