ఈసారి సున్నమూ వద్దు

ఈ వారం నాకు ఒళ్లు మండించింది ఒక ఫొటో. మాచర్ల వైపు నుంచి ఒక పాఠకుడు పంపారు. తాతల నాటి నాపరాయి గోడ. నడుమెత్తున తెల్లటి ఉప్పు, తూము కింద పచ్చటి పాచి. బాగుచేస్తానని వచ్చినాయన యాసిడ్ డబ్బా తెచ్చి, "ఒక్క కడుగు కడిగితే అద్దంలా ఉంటదండీ" అన్నాడట.

నాపరాయి అంటే సున్నపురాయే కదా. యాసిడ్ పోస్తే బుసబుసా పొంగేది మురికి కాదు, రాయి. ఆపైన మిగిలే కాల్షియం క్లోరైడ్ గాల్లో తేమను లాక్కుని గోడను చెమ్మగానే ఉంచుతుంది. పాచికి బ్లీచింగ్ కొట్టినా కొత్త ఉప్పును మనమే గోడకు పట్టించినట్టు.

మా అమ్మమ్మగారి ఊళ్లో గొడ్లచావిడి గోడకు ఇలాగే పొంగేది. వేలితో రాస్తే మెత్తటి పొడి. అమ్మమ్మ చూడకుండా నాలిక మీద వేసుకునేవాళ్లం. ఉప్పగా, కాస్త చేదుగా, చల్లగా తగిలేది. గొడ్ల ఉచ్చ నేలలోకి ఇంకి నైట్రేటుగా మారుతుంది. చెమ్మతో పాటు గోడెక్కుతుంది. నీరు ఆరిపోయాక అదే మిగులుతుంది. అలాంటి మట్టి నుంచే ఒకప్పుడు తుపాకి మందుకు సురేకారం తీసేవారు. ఆ గోడను ఎవరూ కడిగిన పాపాన పోలేదు. సంక్రాంతి ముందు పొడిచీపురుతో దులిపి సున్నం కొట్టేవారు. అది రాలేది, మళ్లీ కొట్టేవారు.

మహాబలిపురం తీరాలయానికి పురావస్తు శాఖ కాగితపు గుజ్జు వైద్యం చేస్తుంది. ఉప్పులేని నీటిలో నానిన గుజ్జును రాతికి మెత్తితే, ఆరేటప్పుడు ఉప్పు అందులోకి వస్తుంది. ఊడదీసి పారేస్తారు. అదే రాద్దామని కూర్చున్నాను. ఫొటో మళ్లీ చూస్తే ఉప్పు చారకు సరిగ్గా కింద సిమెంటు పూత! చెమ్మ అందులోంచి బయటపడలేక పైకి ఎగబాకుతోంది. సిమెంటు మీద నా గొణుగుడు మీకు కొత్త కాదు. సున్నం మీద మోజూ తెలిసిందే. కానీ నీళ్లు దిగుతున్నంతకాలం ఈ గోడకు గుజ్జూ దండగే, సున్నమూ దండగే.

ముందు తూము సరిచేయించండి. వాననీళ్లు గోడకు దూరంగా పోయేలా వాలు పెట్టించండి. సిమెంటు పూతను ఉలితో నెమ్మదిగా రాల్పించండి. తడి ఆగితే పాచి దానంతటదే ఎండుతుంది, కొబ్బరిపీచుతో రుద్దితే రాలిపోతుంది. గోడ ఆరేకొద్దీ ఉప్పు ఇంకా పొంగుతుంది, బెంబేలు పడకండి. లోపలే గడ్డకడితేనే రాయి పెచ్చులూడుతుంది. పైకి వచ్చింది దులిపి, చేటకెత్తి దూరంగా పారబోయండి. గోడ మొదట్లో వదిలేస్తే తొలి వానకే మళ్లీ లోపలికి పోతుంది.