వైద్యపరిశోధనలో ‘లింగం’: గంభీరావుపేట బీడీ కార్మికురాలి వైపు నుంచి ఒక విమర్శ

1. ప్రస్తావన

గంభీరావుపేట మండలంలోను, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల్లోను బీడీలు చుట్టేది ప్రధానంగా స్త్రీలు. మరమగ్గాల మీద, గల్ఫ్ దేశాల పనిస్థలాల్లో కనిపించేది ఎక్కువగా పురుషులు. ఒకే ఇంట్లో శరీరాలు వేరు, పనులు వేరు, వచ్చే జబ్బులూ వేరు. ఈ తేడాల్లో జీవసంబంధమైనది ఎంత, సామాజికమైనది ఎంత అని తెలుగులో ప్రశ్నించబోతే మొదట మాటే అడ్డుపడుతుంది. వ్యాకరణంలోని విభాగానికి, శరీరధర్మానికి, సమాజం కల్పించిన స్త్రీపురుష పాత్రలకు మనం వాడుతున్నది ‘లింగం’ అనే ఒకే పదం. ‘జెండర్’ అనే మాట స్థిరపడినా ‘లింగభేదం’, ‘లింగవివక్ష’ పర్యాయపదాలుగా చెలామణి అవుతూనే ఉన్నాయి. భేదం దేహానిది, వివక్ష మనుషులు చేసేది.

2. బహువచనంలో మరుగు

తెలుగులో స్త్రీవాచకం ఏకవచనంలో అమహత్తుతో, బహువచనంలో మహత్తుతో కలుస్తుంది. ‘ఆమె వచ్చింది’, ‘అది వచ్చింది’ అంటాం. బహువచనంలో ‘వారు వచ్చారు’ అన్నప్పుడు ఆమె విడిగా కనిపించదు. వైద్యపరిశోధనలోని ‘రోగులు’ అనే బహువచనం చేసిందీ ఇదే. గర్భం దాల్చే అవకాశమున్న స్త్రీలను తొలిదశ ఔషధ ప్రయోగాలకు దూరంగా ఉంచాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1977లో మార్గదర్శకాలిచ్చింది. 1993లో వాటిని సడలించింది. జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర స్త్రీల దేహంలో ఎక్కువసేపు నిలుస్తుందన్న కారణంతో వారికి సూచించే మోతాదును 10 మిల్లీగ్రాముల నుంచి 5కు తగ్గించింది 2013లో. అప్పటికే ఆ మాత్ర రెండు దశాబ్దాలుగా వాడుకలో ఉంది.

3. గర్భసంచి దాటని చూపు

మన ప్రాంతంలో సమస్య రూపం వేరు. ఇక్కడ స్త్రీ పరిశోధనకు పూర్తిగా దూరం కాలేదు; కేవలం ప్రత్యుత్పత్తి దేహంగా అందులోకి వచ్చింది. 1985లో పటాన్‌చెరులో నెట్‌-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగానికి స్త్రీలను చేర్చుకున్న తీరును ప్రశ్నిస్తూ స్త్రీశక్తి సంఘటన సుప్రీంకోర్టును ఆశ్రయించింది. 1991లో వెలువడిన ‘సవాలక్ష సందేహాలు’ స్త్రీదేహాన్ని స్త్రీల ప్రశ్నల నుంచి చదివింది. అయినా 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించినవారు దేశంలో 3.2 శాతం కాగా, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ఇంత తేడాను జీవశాస్త్రం ఒక్కటే వివరించలేదు. కానీ దాని పర్యవసానం మాత్రం జీవసంబంధమైనదే: అండాశయాలను కూడా చిన్నవయసులో తీసివేస్తే ఎముకలు గుల్లబారే, గుండెజబ్బులు వచ్చే ముప్పు పెరుగుతుంది.

4. బీడీ చాట ముందు

నికోటిన్ కాలేయంలో విచ్ఛిన్నమయ్యే వేగం సగటున పురుషులలో కంటే స్త్రీలలో ఎక్కువ. గర్భధారణలో మరింత ఎక్కువ. కాబట్టి రక్తంలో ఒకే పరిమాణం కనిపించినంత మాత్రాన ఇద్దరికీ ఒకే మోతాదు అందిందని చెప్పలేం. పురుషుల కొలమానాన్నే ఆమెకూ వర్తింపజేస్తే, చుట్టేటప్పుడు ఆమె దేహంలో చేరిన పొగాకును తక్కువగా అంచనా వేసే ప్రమాదముంది.

అయితే జీవభేదాన్నే సర్వస్వంగా భావించడమూ పొరపాటే. 2019-21 సర్వేలో దేశంలోని 15-49 వయసువారిలో రక్తహీనత స్త్రీలలో 57 శాతం, పురుషులలో 25 శాతం. నెలసరిలో ఇనుము కోల్పోవడం శరీరధర్మం. అందరూ తిన్నాక మిగిలింది తినడం శరీరధర్మం కాదు. మొదటిదాన్ని చూపి రెండోదాన్ని కప్పిపుచ్చితే శాస్త్రం వివక్షకు సాక్ష్యం చెప్పినట్లవుతుంది. అలాగే ఎండలో పనిచేసి మూత్రపిండాలు దెబ్బతిన్న గల్ఫ్ కార్మికుని జబ్బును ‘సాధారణ రోగి’ లెక్కలో కలిపేస్తే అతని శ్రమా మరుగున పడుతుంది.

5. ముగింపు

తెలుగు పరిశోధకులు ‘జీవలింగం’, ‘జెండర్’ అనే రెండు మాటలను వేర్వేరుగా వాడడం, ఆరోగ్య గణాంకాలను స్త్రీపురుషులకు విడివిడిగా ఇవ్వడం, ఆ పక్కనే వారి పనినీ నమోదు చేయడం కనీస అవసరం. గంభీరావుపేటలో చాట ముందు కూర్చున్న స్త్రీ నడుంనొప్పి అని చెప్పినప్పుడు, ఆమె వయసుతో పాటు రోజుకు ఎన్ని బీడీలు చుడుతుందో అడగని పరిశోధన ఆమెను సగమే చూసినట్లు.