పోగు తెగని పని

సిరిసిల్లలో సాంచా (మరమగ్గం) మీద నూలు చుట్టిన పాత బీము అయిపోవస్తే, వైపని కార్మికులు కొత్త బీము పోగులను పాతవాటి కొసలకు ఒక్కొక్కటిగా అతుకుతారు. మెయిల్ సర్వర్ నడిపేవాళ్ల పనితనమూ అలాంటిదే.

వచ్చిన ఉత్తరాలను మన ఫోన్లకు అందించే సర్వర్ సాఫ్ట్‌వేర్ డవ్‌కాట్. 2025 జనవరిలో వచ్చిన దాని 2.4 వెర్షన్, పాత 2.3 కాన్ఫిగరేషన్ ఫైలును ఒప్పుకోదు. మొదటి సెట్టింగుగా కాన్ఫిగరేషన్ వెర్షన్ రాయాలి. ఉత్తరాలు ఎక్కడున్నాయో చెప్పే ‘మెయిల్ లొకేషన్’ పోయి ‘మెయిల్ డ్రైవర్’, ‘మెయిల్ పాత్’ వచ్చాయి. అదే ఏడాది ఆగస్టులో విడుదలైన లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్ 13లో ఉన్నది ఈ వెర్షనే. ఫైలును మనం మార్చి ఉంటే, అప్‌గ్రేడ్ మధ్యలో ఆగి ‘పాతది ఉంచాలా, కొత్తది పెట్టాలా?’ అని అడుగుతుంది. తొందరపడి ఎంటర్ కొడితే పాతదే నిలుస్తుంది, డవ్‌కాట్ లేవదు. కొత్తదానికి సరే అంటే మన సెట్టింగులు పక్కకు పోతాయి. పనిమంతులు ముందే వేరే యంత్రం మీద నడిపి చూస్తారు. తాము మార్చినవే ఏరి కొత్త పద్ధతిలో రాస్తారు. చేరని మెయిల్‌ను, ఉత్తరాలు చేరవేసే సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్ మామూలుగా 5 రోజులు దాచి ఉంచుతుందని తెలిసినా, ఆ ధీమాతో పని మొదలుపెట్టరు.

జగిత్యాలలో, కోరుట్లలో మెయిల్‌లో వచ్చే గల్ఫ్ వీసా కాగితం కోసం ఫోన్ చూసుకునే ఇళ్లకు వీళ్లెవరో తెలియదు. వీళ్లు ఫిర్యాదు రాకపోతే చాలనుకునే మనుషులు. నోరారా ఒక మెచ్చుకోలు మాత్రం మనం బాకీ ఉన్నాం.