ఢోలక్ ముందు కూర్చున్నదెవరు?

గాజుల కోసం లాడ్‌బజార్‌కి వెళ్ళే మనలో చాలామందికి ఆ వెనక గల్లీల్లో ఆడవాళ్ళు పాడుకునే పాటలు తెలియవు. హైదరాబాద్ దక్కనీ పెళ్ళిళ్ళలో వినిపించే 'ఢోలక్ కే గీత్' గురించే చెప్తున్నాను. పెళ్ళికూతురికి పసుపు పెట్టే మాంఝా, వరుడి తరఫువాళ్ళు సారె తెచ్చే సాంచక్, మెహందీ - ఈ రాత్రుల్లో ఒకామె ఢోలక్ తాళ్ళకున్న వలయాలు జరిపి, బిగించి, వాయించడం మొదలుపెడుతుంది. ముందు దేవుణ్ణీ ప్రవక్తనూ తలుచుకుంటారు. ఆ తర్వాత అత్త, ఆడబిడ్డ, వియ్యపురాలు - ఎవర్నీ వదలరు.

ఫంక్షన్ హాళ్ళు, డీజేలు వచ్చాక వెనకబడ్డ ఈ పాటలు ఇప్పుడు వేదికలెక్కాయి, యూట్యూబ్‌కెక్కాయి. సంతోషమే. కానీ ప్రశ్నించకుండా మెచ్చుకోలేకపోతున్నాను.

మగవాళ్ళు లేని గదిలో వియ్యపురాలి మీద విసిరే ఎకసెక్కం ఒక స్వేచ్ఛ. వేదిక మర్యాద కోసం ఆ చరణాలు తీసేస్తే మిగిలేది 'నవాబీ సంస్కృతి' మాత్రమే. అలాగని ఆ గదిని ఆదర్శీకరించనూ లేను. ఆ వెక్కిరింత ఎక్కువగా స్త్రీ మీద స్త్రీ చేసేదే. తెల్లారితే పిల్ల వెళ్ళేది ఆ అత్త ఇంటికే.

ఇంకో ప్రశ్న, ఏ స్త్రీలు? తెలుగు స్త్రీల రామాయణ పాటల్లో బ్రాహ్మణ స్త్రీల గొంతు వేరు, ఇతర కులాల స్త్రీల గొంతు వేరని వెల్చేరు నారాయణరావు 1991లో చూపించారు. ఇక్కడా ఇంటి ఆడవాళ్ళు వేరు, డబ్బు తీసుకుని పాడే మిరాసిన్‌లు వేరు. 'మన వారసత్వం' అనే మాటలో ఈ తేడా మాయమవుతుంది. తిరగలి దగ్గర ఆడవాళ్ళు పాడిన చక్కీనామాలే దక్కన్ ఇళ్ళలోకి సూఫీ భావాల్ని తీసుకెళ్ళాయని రిచర్డ్ ఈటన్ 1978లో రాశారు. చరిత్రలో సూఫీల పేర్లున్నాయి. తిరగలి తిప్పిన చేతుల పేర్లు లేవు.

పునరుద్ధరణ అంటే పాటతోపాటు పాడినామెనీ నిలబెట్టడం. ఒక స్నేహితురాలి ఇంట్లో ఖాలా పాడుతుంటే తెలుగు లిపిలో రాసుకోబోయాను. రాత తర్వాత, ముందు చప్పట్లు కలపమంది. ఇంటికొచ్చి కాగితం చూసుకుంటే పల్లవి ఉంది. ఆ పాట ఆమెకి ఎవరు నేర్పారో మాత్రం లేదు. నేను అడగనే లేదు.