తులసిని మరిగించకండి

ఖమ్మం నుంచి సూర్యాపేట వెళ్లే దారిలో ఉంటుంది కుసుమంచి. కాకతీయుల కాలం నాటి గణపేశ్వరాలయం ఈ ఊరికి పేరు తెచ్చింది. అక్కడి పెద్ద లింగానికి మారేడు దళం ప్రీతి. పొరుగున నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న భద్రాచలంలో గుడి కట్టించిన రాముడికేమో తులసి దళం. గుళ్లో దేవుడు ఎవరైనా ఇంటి ముందు కోటలో ఉండేది మాత్రం తులసే. కార్తీకంలో క్షీరాబ్ది ద్వాదశి నాడు ఆ కోటలోనే ఉసిరి కొమ్మ గుచ్చి దీపాలు పెడతారు. చలి మొదలయ్యేదీ, పిల్లల ముక్కులు కారేదీ ఆ రోజుల్లోనే. పూజలందుకున్న మొక్క పొయ్యి దాకా వచ్చేదీ అప్పుడే.

తీరా పొయ్యి దగ్గర చాలా ఇళ్లలో దానికి అన్యాయం జరుగుతోంది. గుప్పెడు ఆకు నీళ్లలో వేసి, సగానికి సగం ఇగిరేదాకా మరిగిస్తారు. ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది. గ్లాసులో ఉండాల్సిన వాసన అలా గాలిలో కలిసిపోతుంది. తులసి పరిమళమంతా ఆవిరైపోయే నూనెల్లో ఉంది. వాటిలో ముఖ్యమైనది యూజినాల్, లవంగానికి ఘాటునిచ్చేదీ అదే. మూత లేని గిన్నెలో పావుగంట మరిగితే మిగిలేది చేదు నీళ్లే.

ఆయుర్వేదంలో ఈ వివేకం ఎప్పటి నుంచో ఉంది. వేళ్లు, బెరళ్ల వంటి గట్టి సరుకును నాలుగో వంతు మిగిలేదాకా కాస్తే క్వాథం. వేడినీళ్లలో వేసి కాసేపు ఉంచి వడగడితే ఫాంటం. చన్నీళ్లలో రాత్రంతా నానబెడితే హిమం. వైష్ణవాలయాల్లో పచ్చకర్పూరం, తులసి వేసి ఇచ్చే తీర్థాన్ని నేను హిమానికి దగ్గరి చుట్టంగానే చూస్తాను. పొయ్యి ముట్టించకుండానే దళంలోని పరిమళం నీళ్లకు పడుతుంది కదా! ఇక మనం తాగే తులసి టీ ఫాంటం కోవలోకి వస్తుంది.

ఒక గ్లాసు నీళ్లకు పది, పన్నెండు లేత ఆకులు చాలు. నాలుగు మిరియాలు, చిన్న శొంఠి ముక్క కచ్చాపచ్చాగా దంచి ముందు నీళ్లలో వేయండి. ఇవి గట్టివి కాబట్టి అయిదు నిమిషాలు మరగనివ్వాలి. పొయ్యి ఆపాకే తులసి ఆకులు చేత్తో తుంచి వేయండి. వెంటనే మూత పెట్టేయండి. ఏడెనిమిది నిమిషాలయ్యాక మూత తీస్తే దాని లోపల చెమ్మ పట్టి ఉంటుంది. ఆ చుక్కలను కూడా గిన్నెలోకే జారనివ్వండి, వాసన అందులోనూ ఉంటుంది. తీపి కావాలంటే బెల్లం. తేనె అయితే గోరువెచ్చగా అయ్యాకే కలపాలని పెద్దలు చెబుతారు. భద్రాచలం వైపు అడవి తేనె దొరికితే ఇంకేం కావాలి!

ఆకు ఎంపికా ముఖ్యమే. లేత పచ్చని లక్ష్మీ తులసి మెత్తగా ఉంటుంది, ఊదారంగు తిరిగిన కృష్ణ తులసికి ఘాటెక్కువ. రోజూ తాగేందుకు మొదటిదానికి, గొంతు పట్టేసినప్పుడు రెండోదానికి నా ఓటు. పూత కంకులు ముదరకముందే గిల్లేస్తూ ఉంటే మొక్క ఆకు మీద పడుతుంది, గుబురుగా పెరుగుతుంది. ద్వాదశి నాడు, పొద్దుగూకాక దళం కోయకూడదన్న ఆచారం వల్ల మొక్కకు ఊపిరి తీసుకునే వ్యవధి కూడా దక్కుతోంది. ఆకు ఎక్కువగా వచ్చినప్పుడు కోసి నీడనే ఆరబెట్టాలి, ఎండలో పెడితే వాసన పోతుంది.

2020లో కరోనా రోజుల్లో కేంద్ర ఆయుష్ శాఖ సూచించిన ఆయుష్ క్వాథంలో తులసిదే పెద్ద వాటా. నాలుగు పాళ్లు తులసి, రెండేసి పాళ్లు దాల్చినచెక్క, శొంఠి, ఒక పాలు మిరియాలు. పేరుకు క్వాథమే అయినా మూడు గ్రాముల పొడిని 150 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లలో కలిపి టీలా తాగమన్నారు.

ఇది రోగాన్ని కుదిర్చే మందని నేను చెప్పను. గొంతుకు హాయి, చలిలో వెచ్చదనం, కెఫీన్ లేని ఒక మంచి గ్లాసు. ఆ మేలు చాలదా? రక్తం పలచబడే మందులు, షుగరు మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టరును అడిగాకే రోజువారీ అలవాటు చేసుకోవాలి. మిగతావాళ్లు ఈ సాయంత్రమే ఒక గ్లాసు చేసి చూడండి, మూత మాత్రం మరవకండి.